గ్రామ వృత్తుల పునరుద్ధరణము – ప్రభుత్వ విధానము
(గ్రంథాలయ రజతోత్సవ సభకై వ్రాయబడిన ఉపన్యాసము)

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల చుట్టుపట్ల పల్లెలలో పాతబావుల గట్లపై రెండు రాతి స్తంభములు నేటికిని అక్కడక్కడ నిలిచి యున్నవి. ఆ స్తంభముల నడుమ ఒకప్పుడు మోటగిలక తిరుగుచుండెడిది. ఎడ్లజత వాలుబాటలో క్రిందికి నడచునపుడు తోలుమోట నీటితో నిండి పైకి వచ్చి, తన తొండము గుండ ఆ నీటిని కాలువలోనికి విడుచుచుండెడిది. మోటకు కావలసిన తోలును మాదిగవారు తంగేడు చెక్క నానిన నీటిలో పదును చేసి, కుట్టి యిచ్చెడివారు. గిలకను వడ్రంగి చెక్కెడివాడు. దాని ఇరుసును, మోటనోటి ఇనుప చుట్టును కమ్మరి సాగగొట్టెడివాడు. మోకును జనుపనారతో పేనెడివారు. ఒక్క మోట తిరుగవలె నన్నచో ఇన్ని చేతులు కదలవలసి యుండెడిది. గ్రామవృత్తి యనగా నేమో తెలిసికొనుటకు గ్రంథములు తిరుగవేయ నక్కరలేదు, ఆ బావిగట్టు చాలును. గ్రంథాలయ సభలో ఈ మాట పలుకుట కొంత సాహసమే గాని, నిజము.

1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీటిని విడిచెను. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మీదుగా సాగి మెట్టభూములను మాగాణములుగా మార్చినది. జొన్న పండిన చోట వరి పండినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరు వడసినది. కాలువ చేరని సూర్యాపేట పల్లెలలో విద్యుత్తు మోటార్లు బావులలోనికి దిగినవి. మోట ఆగిపోయినది.

మోట పోయినందులకు విలపించువాడు తెల్లవారుజాముననే లేచి మోట తోలినవాడు కాడు. రైతు బ్రదికినాడు, ఎడ్లు బ్రదికినవి. కాని తోలు పదును చేసిన వానికి, గిలక చెక్కిన వానికి, ఇనుము కాల్చిన వానికి ఇక పని యేమి యన్న ప్రశ్నను ఆనాడు ఎవ్వరును అడుగలేదు. జలాశయము క్రింద మునిగిపోయిన ఊళ్ళకు నష్టపరిహారపు లెక్క యుండెను. కాలువ వలన మునిగిపోయిన వృత్తులకు లెక్కయే లేదు. చేతివృత్తుల పునరుద్ధరణమును గూర్చిన చర్చ ఈ అడుగని ప్రశ్న నుండి ప్రారంభము కావలెను.

పునరుద్ధరణము అను మాటలోనే ఒక చిక్కు కలదు. దేనిని ఉద్ధరించుట? పూర్వపు గ్రామములో పన్నిద్దరు ఆయగాండ్రు ఉండెడివారనియు, రైతు కళ్ళము నూర్చినపుడు వారికి మేర కొలిచెడివాడనియు, ఎవరి పని వారికి కలదు గనుక ఎవరికిని కొదువ లేకుండెననియు ముచ్చటగా చెప్పెడివారు కలరు. ఇందు సగము సత్యము. వడ్రంగి నాగలి చెక్కి యిచ్చినచో పంటనాడు అతని గంప నిండిన మాట నిజమే. కరవు వచ్చిననాడు రైతుతో పాటు అతడును పస్తుండిన మాటయు నిజమే. కాని ఈ తాలూకాలలో ఆ మేరతో పాటు వెట్టి యను మరియొక వ్యవస్థ ఉండెను. దొరగారి గడికి కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, సాలెవాడు బట్ట, వడ్రంగి కమ్మరులు వ్యవసాయపు పనిముట్లు ఊరకే అందించవలసి యుండెడిది. కూలి అడుగుట నేరము. పిలిచినపుడు పోకుండుట అంతకన్న పెద్ద నేరము. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిమ్మట నల్లగొండ జిల్లా అంతట, ముఖ్యముగా సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలలో, లేచిన రైతాంగ పోరాటమునకు భూమి యెట్లు కారణమో వెట్టియు నట్లే కారణము. నాడు గుత్పలు పట్టినవారిలో కుమ్మరులు, చాకలులు, గొల్లలు, సాలెలు, మాదిగలు కలరు. వారు తమ వృత్తిని ద్వేషించి లేవలేదు. వృత్తికి విలువ కట్టని పెత్తనమును ద్వేషించి లేచిరి.

కావున పాత వ్యవస్థలో పనివానికి పని యుండెను, స్వేచ్ఛ లేకుండెను. తరువాత వచ్చిన కాలము అతనికి స్వేచ్ఛ నిచ్చినది, పనిని తీసికొన్నది. రెండును కలిపి యీయగల విధానమే నిజమైన విధానము. తక్కినది వస్తుప్రదర్శనము.

పని యెట్లు పోయినదో కొంత చూడవలసి యున్నది. కుమ్మరి సంగతి తీసికొందము. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి బౌద్ధక్షేత్రమున 2024 మార్చిలో పురావస్తు శాఖవారి త్రవ్వకములలో ఇక్ష్వాకుల నాటి 3,730 సీసపు నాణెములు దొరకినవి. అవి యున్నది ఒక మట్టికుండలో. పదునారు పదునేడు శతాబ్దులు ఆ ధనమును కాచిన కుండను చేసినవాని పేరు ఏ శాసనములోను లేదు. అట్టి సారె ఈ ప్రాంతమున నిన్న మొన్నటి దాక తిరుగుచునే యుండినది. నీటికుండలు, ధాన్యపు గుమ్ములు, పెండ్లికి అరివేణి కుండలు, ఇంటికప్పునకు గూనపెంకులు, అన్నియు కుమ్మరి చేతివే. మొదట సత్తుగిన్నె వచ్చి వంటకుండను తరిమినది. తరువాత ప్లాస్టిక్కు బిందె నీటికుండను తరిమినది. హుజూర్‌నగర్, మేళ్ళచెర్వు ప్రాంతములలో సున్నపురాయి విరివిగా దొరకుటచే సిమెంటు కర్మాగారములు వెలసినవి. ఇంటిపై సిమెంటు కప్పు పడిన నాటితో గూనపెంకు పని ముగిసినది. మిగిలినవి పెండ్లికుండ, దీపావళి ప్రమిద, దింపుడుకల్లము కుండ. మనుష్యుడు పుట్టి చచ్చు నడుమ రెండుమూడు మారులు మాత్రమే కుమ్మరి ఇంటి త్రోవ పట్టుచున్నాడు.

వడ్రంగి, కమ్మరుల కథయు ఇంతే. ఎడ్లబండి చక్రము ఇద్దరి పని. ఆకులు, చట్రము వడ్రంగి కూర్చును. పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చిన ఇనుప పట్టాను కమ్మరి దానిపై దించి నీరు చల్లును. పట్టా ముడుచుకొని చక్రమును బిగించును. వ్రేలెడు తేడా వచ్చినచో చక్రము పనికిరాదు. ఏ పాఠశాలలోను నేర్వని ఈ కొలత ట్రాక్టరు వచ్చిన నాడు నిరుపయోగమైనది. నేడు ఆ కుటుంబముల బిడ్డలలో కొందరు కోదాడ, సూర్యాపేటల రాజమార్గము ప్రక్కన వెల్డింగు దుకాణములు పెట్టుకొనిరి. ఇది పతనము కాదు. కొలిమి వదలి వెల్డింగు పట్టినవాడు వృత్తిని మార్చుకొనలేదు, పనిముట్టును మార్చుకొన్నాడు. సంప్రదాయమును ప్రేమించువారు అతనిని లెక్కలో నుండి తీసివేయుట తగదు.

ప్రభుత్వము చేసినదేమి? స్వతంత్ర భారతమున తొలి సంవత్సరములలోనే ఈ విషయమై గట్టి వాదము జరిగినది. 1952లో అఖిలభారత హస్తకళా మండలి, చేనేత మండలి ఏర్పడినవి. హస్తకళా మండలిని శ్రీమతి కమలాదేవీ చటోపాధ్యాయ నడిపించిరి. 1953లో కేంద్ర ప్రభుత్వము శాసనము చేసి, మిల్లు బట్టపై గజమునకు మూడు పైలు, అనగా పావు అణా, అదనపు సుంకము విధించి, ఆ సొమ్మును ఖాదీకి, చేనేతకు వినియోగించినది. చేనేత దుకాణములలో పండుగలకు ఇచ్చిన తగ్గింపు ధరకు మూలము ఆ పావు అణాయే. 1954లో కనుంగో సంఘము, కొన్ని విశేషమైన నేతలు తప్ప తక్కిన చేమగ్గములను క్రమముగా మరమగ్గములుగా మార్చుట మేలని చెప్పినది. మరుసటి సంవత్సరమే కార్వే సంఘము, ఇంతమందికి మరియొక జీవనోపాధి చూపక మగ్గమును పెకలించుట తగదని వాదించినది. డెబ్బది యేండ్లు గడచినను ఈ రెండు సంఘముల వాదము తెగలేదు. తరువాత వచ్చిన ప్రతి పథకము వెనుకను వీనిలో ఏదో యొకటి నిలుచుండి యున్నది.

వాదము మాట యట్లుండ, ఆచరణలో ఏమి జరిగినదో చూచుటకు దూరము పోనక్కరలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లన్నియు ఒకే నల్లగొండ జిల్లాలో నుండిన కాలమున – 2016 అక్టోబరు 11న జిల్లా విడివడు వరకు – అదే జిల్లా పడమటి భాగమున పోచంపల్లి, పుట్టపాక మొదలగు నేత గ్రామము లుండెను. తూర్పున కొలిమి చల్లారుచుండగా పడమట మగ్గము నిలిచినది. రెండింటికిని ఒకే జిల్లా, ఒకే ప్రభుత్వము. తేడా ఎక్కడ వచ్చినది?

ఆ ప్రాంతపు నేతలో మొదటిది తేలియా రుమాలు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీటిలోను పలుమారులు నానబెట్టి ఆరబెట్టుదురు. అప్పుడు ఎఱుపు, నలుపు రంగులు దారమునకు గట్టిగా పట్టును. బట్టకు నూనె వాసన నిలుచును గనుక తేలియా అని పేరు. చీరాలలో పెరిగిన ఈ విద్య ఇరువదవ శతాబ్ది తొలిపాదమున పోచంపల్లి ప్రాంతమునకు వచ్చినది. ఈ రుమాళ్ళు అరబ్బు దేశములకు తలగుడ్డలుగా పోయెడివి. బట్ట నేసిన పిదప అద్దుట కాదు, నేయుటకు ముందే దారములను లెక్క ప్రకారము కట్టి, రంగులో ముంచి, విప్పి, మగ్గముపై ఆ రంగుల చుక్కలు ఒకదానికొకటి సరిగా కలియునట్లు నేయుట ఈ పనిలోని నేర్పు. దీనినే చిటికి యందురు. పడుగులో కాని, పేకలో కాని, కొన్నిట రెండింట కాని ఈ కట్టు వేయుదురు. రెండింట వేసిన బట్టలో ఒక్క దారము జరిగినను పువ్వు చెదరిపోవును.

విదేశపు గిరాకీ తగ్గినపుడు ఆ నేతగాండ్రు రుమాలును పట్టుకొని కూర్చుండలేదు. అదే చిటికిని చీరకు మార్చిరి. 1970 ప్రాంతమున పోచంపల్లి వారు కొందరు పట్టునేత నేర్చుకొనిరి. నూలు చీరకు తోడు పట్టుచీర వచ్చినది. సహకార సంఘములు నూలు ఇచ్చి, బట్ట కొన్నవి. చేనేత సహకారోద్యమమున కొండా లక్ష్మణ్ బాపూజీ వంటి పెద్దలు పాటుపడిరి. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన 2011లోను, గజం అంజయ్య 2013లోను పద్మశ్రీ బిరుదము నందిరి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే యెదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరముల భూమి దానము చేసినందున భూదాన పోచంపల్లియైన ఆ ఊరు, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థవారి ఉత్తమ గ్రామముల పట్టికలో చేరినది. అనగా అక్కడ వస్తువు మారినది, కొనువాడు మారినాడు, చేతి నేర్పు మాత్రము నిలిచినది. ఇచ్చట నాగలికిని మోటకును అట్టి రెండవ జన్మము దొరకలేదు. వాని విపణి ఊరి పొలిమేర దాటి యెన్నడును పోలేదు.

శాసనముల సాయమును కొంత కలదు. 1985లో చేసిన చట్టము 22 రకముల బట్టలను చేమగ్గమునకే ప్రత్యేకించినది. మరమగ్గముల వారు న్యాయస్థానములకు పోయిరి. 1993లో సర్వోన్నత న్యాయస్థానము చట్టము చెల్లునని తీర్పు చెప్పినది. మూడేండ్లకే, 1996లో, ప్రభుత్వము ఆ 22 రకములను 11కు కుదించినది. న్యాయస్థానములో గెలిచినది కార్యాలయములో సగము పోయినదన్నమాట. మిల్లులు తమ నూలులో ఇంత భాగము చిలపలుగా చుట్టి యీయవలెనను నిబంధన మరియొకటి. చేనేతవానికి చిలపనూలే కావలెను. ఆ భాగము 50 శాతము నుండి 40కి, ఇటీవల 30కి తగ్గినది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినపుడు నూలును, చేనేత బట్టయు ఐదు శాతము పన్ను క్రిందికి వచ్చినవి. ఒక చేత సబ్సిడీ, ఒక చేత పన్ను. తెలంగాణ ప్రభుత్వము నూలు, రంగుల వెలలో 40 శాతము తిరిగి యిచ్చు పథకము పెట్టినది. 2017లో ప్రారంభమైన పొదుపు పథకమున నేతగాడు తన కూలిలో ఎనిమిది పాళ్ళు దాచినచో ప్రభుత్వము పదునారు పాళ్ళు కలిపినది. 2022 ఆగస్టు 7 నుండి ఐదు లక్షల రూపాయల బీమా వచ్చినది. ఇట్టివన్నిటిలో పొదుపు పథకమే శ్లాఘ్యమైనది. అది యాచన కాదు. నేతగాని కష్టార్జితమునకే జత.

అదే 2017లో బతుకమ్మ చీరల పంపిణీ మొదలైనది. కోటికి దగ్గరగా చీరలు సిరిసిల్ల మరమగ్గములపై నేయబడి, కొన్నియేండ్లు అక్కడి కార్మికులకు కూలి సమకూర్చినవి. అది మంచిపనియే. కాని మరమగ్గపు చీరను చేనేత ఖాతాలో వ్రాసికొనరాదు. సభలలో ఈ రెండును తరచు కలిసిపోవుచుండును.

పేరును కాపాడు చట్టము వేరొకటి కలదు. భౌగోళిక గుర్తింపు చట్టము క్రింద పోచంపల్లి చిటికినేత 2004–05లో, దేశమున ఆ గుర్తింపు పొందిన తొలి వస్తువులలో నొకటిగా, నమోదైనది. పుట్టపాక తేలియా రుమాలు 2020లో నమోదైనది. ఇక ఎవరైనను అచ్చువేసిన బట్టను పోచంపల్లి యని అమ్మినచో అది నేరమే. కాని నేరమును పట్టువా రెవరు? పట్టణములో అచ్చుబట్ట చీర కొన్నవాడు ఫిర్యాదు చేయడు, వానికి చవక. మగ్గముపై కూర్చున్నవాడు న్యాయస్థానముల చుట్టు తిరుగలేడు, వాని దినకూలి పోవును. గుర్తింపు వస్తువు పేరును నిలుపును. ఆ పేరు వలన పెరిగిన వెలలో నేసినవానికి ఎంత దక్కవలెనో ఆ చట్టములో నొక్క అక్షరము లేదు. షావుకారు నూలిచ్చి, చీర తీసికొని, కూలి చేతిలో పెట్టు చోట చీర వెల పెరిగినను కూలి అంతగా పెరుగదు. విధానము వస్తువును చూచి పనివానిని చూడకపోవుట యనగా ఇదియే.

పనివానిని చూచినవా డొకడు కలడు. అతడు ప్రభుత్వోద్యోగి కాడు. ఆలేరు సమీపమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము. చిటికి పనిలో ఆసు పోయుట యని యొక పని కలదు. అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టు దారమును చేతితో పైకి క్రిందికి త్రిప్పవలెను. ఒక చీరకు తొమ్మిదివేల మారులు చేయి కదలవలెను. దినమునకు రెండు చీరలకు ఆసు పోసినచో పదునెనిమిది వేల మారులు. ఇది ఇంటి ఆడువారి పని. తల్లి భుజముల నొప్పిని చూడలేక మల్లేశము ఏండ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసుయంత్రము కనిపెట్టెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చినది. తల్లి పేర దానికి లక్ష్మీ ఆసుయంత్రమని పేరు పెట్టెను. 2017లో ప్రభుత్వము అతనికి పద్మశ్రీ నిచ్చినది. యంత్రము వచ్చినచో చేతిపని చచ్చునను వారు ఇచ్చట కొంచె మాలోచింపవలెను. ఆసుయంత్రము నేతను చంపలేదు, నేయు ఇంటి స్త్రీ భుజమును కాపాడినది. 2019–20లో జరిగిన నాలుగవ చేనేత గణన ప్రకారము దేశమున 35 లక్షలకు పైగా చేనేత పనివారు కలరు. వారిలో నూటికి డెబ్బదిమందికి మించి స్త్రీలే. ఏ పథకము మంచిదో తెలియవలెనన్నచో ఆ స్త్రీల చేతులకు బరువు తగ్గినదా, కూలి పెరిగినదా యని అడిగిన చాలును.

ఇట్లు అడుగని పథకము ఎట్లుండునో సూర్యాపేట ప్రక్కనే కానవచ్చును. దురాజ్‌పల్లి పెద్దగట్టుపై లింగమంతుల స్వామికి రెండేండ్ల కొకమారు జాతర జరుగును. యాదవులు వేలాదిగా వత్తురు. ఒకప్పుడు ఆ జాతరలో నల్లగొంగడి లేని భుజము లేదు. దక్కని జాతి గొఱ్ఱె ఊలును వడికి, గుంటమగ్గముపై నేసి, చింతగింజల గంజి పట్టించి కురుమలు గొంగడి తయారుచేసెడివారు. వానకు గొడుగు, చలికి దుప్పటి, పడకకు చాప, అన్నియు అదే. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము గొఱ్ఱెల పంపిణీ ప్రారంభించినది. ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు. వెలలో 75 శాతము ప్రభుత్వము భరించినది. కాపరులకు అది మేలే. కాని ఆ పథకము చూచినది మాంసమును, ఊలును కాదు. మాంసమునకు పేరుపొందిన నెల్లూరు జాతి గొఱ్ఱెకు ఊలు లేదు. మందలు పెరిగినను గొంగడి నేయువానికి పిడికెడు ఊలు పెరుగలేదు. ఒక శాఖ చేసిన మేలు మరియొక వృత్తికి తెలియనే లేదు. గొఱ్ఱెల లెక్క పశుసంవర్ధకులది, మగ్గపు లెక్క చేనేత శాఖది. నడుమ గొంగడి ఎవరి లెక్కలోను లేదు.

ఇటీవలి కాలమున పెద్దయెత్తున వచ్చినది ప్రధానమంత్రి విశ్వకర్మ పథకము. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైనది. కేటాయింపు 13,000 కోట్ల రూపాయలు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, చర్మకారుడు, తాపీ పనివాడు, బుట్టలు చాపలు అల్లువాడు, దర్జీ మొదలగు 18 వృత్తుల వారికి ఇది వర్తించును. శిక్షణ కాలమున దినమునకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, ఐదు శాతము వడ్డీపై మొదట లక్ష, దానిని తీర్చిన పిదప రెండు లక్షల అప్పు లభించును. నాగార్జునసాగరమునాడు అడుగని ప్రశ్నను అర్ధశతాబ్దమునకు పైగా గడచిన పిమ్మట ఒకరు అడిగినట్లయినది. అందులకు సంతోషింపవలెను. ఆ 18 వృత్తులలో చేనేత లేదన్న సంగతియు తెలిసి యుండవలెను. దానికి వేరు పథకములు కలవు. దరఖాస్తును మొదట పరిశీలించునది గ్రామ పంచాయతీ. ఎవరు నిజముగా చేతిపని చేయుచున్నారో ఊరికి తెలియును గనుక ఇది మంచి ఏర్పాటు. ఊరిలో పెత్తనమున్న వానికి ఇష్టము లేనివాడు నిజమైన పనివాడు కాకపోవు ప్రమాదమును దీనిలోనే కలదు. వెట్టిని చూచిన ఈ తాలూకాల వారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

అప్పు దొరకినంతమాత్రమున సరిపోదు. కుమ్మరికి మట్టి కావలెను, మేదరికి వెదురు కావలెను. వెదురు విషయమున ఒక మంచి సవరణ జరిగినది. శాస్త్రము ప్రకారము వెదురు గడ్డిజాతి. అటవీ చట్టము మాత్రము దానిని చెట్టుగా లెక్కించి, పొలము గట్టున పెంచిన వెదురును నరికి తరలించుటకును అనుమతి పత్రములు అడుగుచుండెడిది. 2017లో ఆ చట్టమును సవరించి, అడవి వెలుపల పెరిగిన వెదురును చెట్ల పట్టిక నుండి తీసివేసిరి. ఒక్క మాట కొట్టివేయుట వలన మేదరికి కలుగగల మేలు ఎన్నో సబ్సిడీల వలన కలుగదు. మట్టి మాట యట్లు కాదు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ క్రింద చెఱువుల పూడిక తీసి పొలములకు తోలిరి. రైతుకు ఎరువైనది. ప్రతి చెఱువులోను కుమ్మరికి పనికివచ్చు జిగురుమట్టి గల తావును అతనికై విడిచి యుంచవలెనన్న ఏర్పాటు మాత్రము ఎల్లెడల లేదు. దీనికి ఢిల్లీ దాక పోనక్కరలేదు, గ్రామసభ తీర్మానము చాలును.

2015 నుండి ఆగస్టు 7వ తేదీని జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. 1905లో ఆనాడే స్వదేశీ ఉద్యమము ప్రకటింపబడినది. అయితే 1952 నాటి ఆ రెండు మండలులును 2020లో, చేనేత దినమునకు కొలది దినములు ముందుగా, రద్దయినవి. అవి సలహా సంఘములుగా మాత్రమే మిగిలినవని, పెద్దగా చేయుచున్నది లేదని చెప్పినవారు కలరు. కావచ్చును. అయినను నేతగాడు, హస్తకళాకారుడు ప్రభుత్వముతో ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుటకు ఉండిన చోటు అది. ఏడాదికొక పండుగ, కూర్చుండుటకొక చోటు – రెండింటిలో ఏది ముఖ్యమో చెప్పుట కష్టము కాదు.

ఇక గ్రంథాలయము చేయగలిగిన దొకటి కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వారు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశమును వెలువరించిరి. మొదటి సంపుటము 1962లో, వ్యవసాయ పదములు. రెండవది 1971లో, చేనేత పదములు. పిమ్మట ఇతర వృత్తులపైనను సంపుటములు వచ్చినవి. పండితులు ఊరూర తిరిగి, రైతు నోట, సాలెవాని నోట విన్న మాటలను విన్నట్లు వ్రాసికొనిరి. ఆ సంపుటములు ఈ గ్రంథాలయమున ఉండదగినవి. మోటలోని ప్రతి భాగమునకు, బండిచక్రములోని ప్రతి చెక్కకు, తోలు పదునులోని ప్రతి మెట్టునకు ఈ తాలూకాలలో వాడిన పేర్లు ఎరిగిన వృద్ధులు ఇంకను కొందరు ఈ పల్లెలలో కలరు. వారు చదువరులు కారు గనుక గ్రంథాలయమునకు రారు. పాఠశాల పిల్లలు సెలవుదినములలో ఒక నోటుపుస్తకము, కొలబద్ద తీసికొని వారి గడపకు పోవచ్చును. పనిముట్టు బొమ్మ గీసి, ప్రక్కన పేరు వ్రాసి, ఎవరు చెప్పిరో, ఏ ఊరివారో, ఆ పనికి ఆనాడు కొలిచిన మేర యెంతో, వెట్టిగా చేసిన దెంతో కూడ వ్రాయవలెను. ఈ చివరి రెండు గడులు లేని పుస్తకము సగము పుస్తకమే. వరికోతలు ముగిసి, వృద్ధులు అరుగులపై తీరికగా కూర్చుండు దినములు ఈ పనికి అనువైనవి.